అమెరికా యుద్ధం ఆదోని దాకా వచ్చింది

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే మనకి గుర్తొచ్చేవి బోస్టన్ టీ, వాషింగ్టన్, జులై 4 సెలవు. రెండో మైసూరు యుద్ధం అంటే హైదరాలీ. బడి పుస్తకంలో ఇవి రెండు వేర్వేరు పాఠాలు. నన్నడిగితే రెండూ ఒకే యుద్ధానికి రెండు చివర్లు. మాది వనపర్తి వైపు కాబట్టి నాకు ఇంకాస్త ఆసక్తి. ఎందుకంటే ఆ మంట గద్వాలకి దక్షిణాన, తుంగభద్ర అవతలున్న ఆదోని దాకా వచ్చింది.

మొదట్నించీ చూద్దాం. 1775లో మొదలైనప్పుడు అది ఇంగ్లండుకీ దాని వలసలకీ మధ్య ఇంటి గొడవ. 1777లో సారటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం లొంగిపోయేసరికి ఫ్రాన్సుకి ధైర్యమొచ్చి, 1778 ఫిబ్రవరిలో అమెరికన్లతో చేతులు కలిపింది. ఫ్రెంచి రాజుకి ప్రజాస్వామ్యం మీద ప్రేమేం లేదు. పాత ఓటమికి పగ తీర్చుకోవాలంతే. 1779లో స్పెయిన్ దిగింది. 1780 చివర్లో ఇంగ్లండే డచ్చివాళ్ళ మీద యుద్ధం ప్రకటించింది.

ఇక మన వైపు. ఫ్రాన్సుతో యుద్ధం కాబట్టి కంపెనీవాళ్ళు 1778లో పుదుచ్చేరి, 1779లో మాహే పట్టుకున్నారు. హైదరాలీకి ఫ్రెంచి సరుకు, ఆయుధాలు వచ్చేది మాహే రేవు నుంచే. దాని జోలికి రావద్దని ఆయన హెచ్చరించినా వినలేదు.

రెండో తంటా ఆదోనిది. నిజాం అలీఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ అక్కడుండేవాడు. గుంటూరు సర్కారు ఆయన జాగీరు. ఆయన కొలువులో ఒక ఫ్రెంచి దండు ఉండేది. 1779లో మద్రాసు గవర్నరు రంబోల్డ్, నిజాంతో మాటైనా చెప్పకుండా ఆయనతో బేరం కుదుర్చుకున్నాడు: ఫ్రెంచివాళ్ళని పంపెయ్యాలి, గుంటూరు కంపెనీకి కౌలుకివ్వాలి, బదులుగా కంపెనీ సైన్యం కాపలా ఉంటుంది. ఆ సైన్యం ఆదోనికి పోవాలంటే హైదరాలీ చేతిలో ఉన్న కడప సీమ దాటాలి. ఆయన దారివ్వలేదు. నిజాంకి ఒళ్ళు మండి, తమ్ముడు వదిలేసిన ఫ్రెంచి దండుని తనే కొలువులో పెట్టుకున్నాడు. మరాఠాలు, హైదరాలీ, నిజాం ముగ్గురూ కంపెనీ మీద ఒక్కటయ్యారు.

మన భాషలో చెప్పాలంటే ఇవన్నీ డిపెండెన్సీలు. ఫిలడెల్ఫియాలో ఒక లైను మారిస్తే ఆదోనిలో బిల్డ్ పగిలింది.

1780 జులైలో హైదరాలీ ఆర్కాటు నవాబు రాజ్యం మీద పడ్డాడు. సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ దండుని తుడిచిపెట్టేశాడు. ఆ దండు గుంటూరు నుంచి నడిచొచ్చిందే! ఈలోగా కలకత్తా నుంచి హేస్టింగ్స్ గుంటూరుని వెనక్కి ఇప్పించి నిజాంని చల్లబరిచాడు. నిజాం కదల్లేదు. కదిలుంటే ఆయనకి కప్పం కట్టే గద్వాల సంస్థానం, కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ, దండ్ల కాళ్ళ కింద నలిగేవి. అక్కడి రైతుకి వాషింగ్టన్ ఎవరో తెలియకుండానే.

అన్నట్టు, అమెరికన్లకి మాత్రం హైదరాలీ బాగానే తెలుసు. పెన్సిల్వేనియా వాళ్ళు 1782లో ఒక యుద్ధనౌకకి ఆయన పేరు పెట్టుకున్నారు. అది ఆ ఏప్రిల్‌లో 'జనరల్ మంక్' అనే బ్రిటిష్ నౌకని పట్టుకుంది కూడా. ఆ ఏడాది డిసెంబరులోనే హైదరాలీ చిత్తూరు దగ్గర విడిదిలో కన్నుమూశాడు. 1783లో కడలూరు దగ్గర ఫ్రెంచివాళ్ళు పోరాడుతుండగా యూరప్‌లో సంధి అయిందని కబురొచ్చింది. వాళ్ళు అక్కడికక్కడే ఆగిపోయారు. టిప్పు ఒంటరిగా మిగిలి, 1784లో మంగుళూరులో సంధి చేసుకున్నాడు.

అసలు కథ ఆ తర్వాతే. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడి లొంగిపోయిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దగ్గరికొచ్చాడు. 1788లో గుంటూరు కంపెనీకి దక్కింది. 1792లో టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. 1800లో నిజాం దత్తమండలాలు కంపెనీకి రాసిచ్చినప్పుడు ఆదోని కూడా పోయింది. గద్వాల నిజాం వైపు, ఆదోని కంపెనీ వైపు. నేడు ఒకటి తెలంగాణ, ఒకటి ఆంధ్ర.

స్వాతంత్ర్య పోరాటానికి పెద్ద దేశాలు సాయానికొచ్చాయంటే అందరూ చప్పట్లు కొడతారు. ఆ సాయం ఖర్చు ఎవరి పొలం మీద పడిందో కూడా చూడాలంటాను నేను. అక్కడ ఓడిన ఇంగ్లండు ఇక్కడ కాలు మరింత గట్టిగా మోపింది. వాళ్ళకి 1783లో వచ్చిన స్వేచ్ఛ మనకి రావడానికి ఇంకో 164 ఏళ్ళు పట్టింది. మా నిజాం ఇలాకాకైతే ఇంకో ఏడాది.