గంజాము తెలుగువారి రంగూను ప్రయాణములు

బరంపురము, గోపాలపురము ప్రాంతములలో పెద్దల నోట 'రంగము' అను మాట వినవచ్చుచుండెడిది. రంగమనగా నాటకరంగము కాదు, యుద్ధరంగమును కాదు. బర్మా దేశపు రేవుపట్టణమగు రంగూనునకు మన తెలుగువారు పెట్టుకొన్న పేరది. "రంగము పోయినాడు" అనిన చాలును. ఆ యింట మగదిక్కు లేదనియు, ఎన్నడో డబ్బు వచ్చునను ఆశ మాత్రము కలదనియు ఊరివారు గ్రహించెడివారు. ఆ ప్రయాణముల కథ మన జిల్లా చరిత్రలో ఒక పెద్ద అధ్యాయము. ఐనను అది మన పిల్లలకు ఇంచుమించు తెలియని కథ.

బర్మా దక్షిణభాగము 1852వ సంవత్సరపు యుద్ధములో ఆంగ్లేయుల వశమైనది. పిమ్మట వారు రంగూనునకు వీధులు తీర్చి, దానిని గొప్ప రేవుగా చేసిరి. ఐరావతీ నదీముఖమున అడవులు నరికి వరిపొలములు చేయుటయు, 1869లో సూయజు కాలువ తెరవబడుటయు బర్మా బియ్యమునకు దేశదేశముల గిరాకి కల్పించెను. మిల్లులలో బస్తాలు మోయుటకును, ఓడలకు సరకు ఎక్కించుటకును, రిక్షాలు లాగుటకును కూలీలు కావలసివచ్చిరి. ఇటు గంజాములో వాననే నమ్ముకొన్న సేద్యము. 1866 నాటి మహాక్షామము జనులు మరచిపోలేదు. కడుపు చేతబట్టుకొని సముద్రము దాటుటకు అంతకు మించిన కారణ మక్కరలేదు.

కూలీలను కూడగట్టుట మేస్త్రీల పని. ఓడ కేవుకు మేస్త్రీయే బయానా ఇచ్చెడివాడు. ఆ అప్పు తీరువరకు కూలివాని కష్టము అతనిదే. గోపాలపురమున ఓడ ఒడ్డున ఆగుటకు తగిన రేవు లేదు. పొగయోడ దూరమున లంగరు వేసికొని నిలిచెడిది. కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవలలో జనులు కెరటములు దాటి దానిని చేరెడివారు. బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి గూడ ఇట్లే వేలకొలది తెలుగువారు బయలుదేరిరి. బర్మాలో వీరందరికిని 'కొరంగీలు' అను పేరు వచ్చెను. అది కాకినాడ చెంతనున్న కోరంగి రేవును బట్టి పుట్టిన పేరు. క్రమముగా అది చులకన మాటయైనది. కోరంగిని కంటితో చూడని గంజామువాడును అక్కడ కొరంగీయే.

ఇంత దూరపు ప్రయాణమునకు నాడు పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. బర్మా అప్పుడు భారతదేశములో నొక రాష్ట్రము. ఓడదిగిన కూలివానిని వైద్యులు పరీక్షించెడివారు, టీకాలు వేసెడివారు, అంతటితో సరి. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూను నగర జనసంఖ్య సుమారు 4 లక్షలు. అందు సగమునకు మించి భారతీయులే. వీధిలో నడచువానికి తాను పరదేశములో నున్నానను తలపే కలుగకుండెడిది.

ఆ నగరములో చూడదగినవి యెన్నో కలవు. నదిలో ఓడ వచ్చుచుండగనే కంటబడునది ష్వెడగోను స్తూపము. సింగుత్తర గుట్టపైన ఇంచుమించు 326 అడుగుల యెత్తున బంగారు రేకుల తొడుగుతో అది వెలుగుచుండును. దాని ఐతిహ్యము మనవారికి మిక్కిలి ఇంపైనది. తపుస్సుడు, భల్లికుడు అను ఇద్దరు వర్తకసోదరులు బుద్ధదేవునికి ఆహారము సమర్పించి, ఆయన కేశములను బహుమానముగా పొందిరనియు, ఆ కేశములే స్తూపగర్భమున నున్నవనియు చెప్పుదురు. పాళీ గ్రంథములు ఆ వర్తకులు 'ఉక్కల' దేశమునుండి వచ్చిరనుచున్నవి. అది ఉత్కలమేయని కొందరు పండితుల అభిప్రాయము. బర్మావారు మాత్రము ఆ పేరును తమ దేశముననే చూపుదురు. ఏది యేమైనను, చెప్పులు విడిచి మెట్లెక్కు గంజాము కూలివానికి అది తన ఊరి కొండమీది గుడివలెనే తోచియుండును.

నగరము నడిబొడ్డున సూలే స్తూపము కలదు. వీధులన్నియు దానిచుట్టు తీర్చబడినవి. రాయల్ లేక్స్ అను సరస్సులో ష్వెడగోను నీడ కనబడును. మరియొకటి చూడదగిన సమాధి. కడపటి మొగలు చక్రవర్తి బహదూర్‌షా జఫరును ఆంగ్లేయులు 1858లో రంగూనునకు ప్రవాసము పంపిరి. ఆయన 1862 నవంబరు 7వ తేదిన అక్కడనే మరణించెను. గుర్తు తెలియకుండ పూడ్చిన ఆ సమాధి 1991లో త్రవ్వకములో బయటపడెను. బర్మా కడపటి రాజగు తీబాను 1885లో మన దేశమునకు తెచ్చి రత్నగిరిలో నుంచిరి. ఆయన 1916లో అక్కడనే కన్నుమూసెను. ఎవరు ఎచట నుండవలెనో నిర్ణయించు అధికారము పాలకులదని ఈ ఇద్దరి కథలును చెప్పుచున్నవి. అదియే తరువాత మన కూలివానికిని అనుభవమునకు వచ్చెను.

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేసిరి. యజమానులు బర్మావారిని పనికి పిలిచిరి. సమ్మె తీరి తెలుగువారు మరలిరాగా బర్మావారికి పని పోయెను. అందుండి కలహము పుట్టి నగరమంతట వ్యాపించెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఇరుపక్షములవారును పేదలే. కూలి తగ్గించుకొని లాభపడినవారు ఆ వీధులలో లేరు. 1938లో మరల అల్లరులు చెలరేగెను.

ఈ నడుమ రెండు తేదీలు గంజాము తెలుగువారు జ్ఞప్తియందుంచుకొనదగినవి. 1936 ఏప్రిలు 1వ తేదిన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడెను. బరంపురము, గోపాలపురము, ఛత్రపురము చెన్నపురి రాజధానినుండి విడివడి అందు చేరెను. సరిగా ఒక సంవత్సరమునకు, 1937 ఏప్రిలు 1వ తేదిన, బర్మా భారతదేశమునుండి వేరైపోయెను. 1935లో గోపాలపురమున ఓడ యెక్కిన తెలుగువాడు చెన్నపురి రాజధానినుండి అదే దేశములోని మరియొక రాష్ట్రమునకు పోయినాడు. అతడు 1937 చివర తిరిగివచ్చినచో, వచ్చినది వేరొక దేశమునుండి. చేరినది వేరొక రాష్ట్రమునకు. మనిషి మారలేదు, భాష మారలేదు, ఇల్లు మారలేదు. సరిహద్దులే అతని కాళ్లక్రింద జరిగిపోయినవి.

1941లో భారత, బర్మా ప్రభుత్వములు వలసలనుగూర్చి ఒడంబడిక చేసికొనెను. అప్పటినుండి ప్రయాణికునికి పాస్‌పోర్టు, అనుమతి పత్రము, వీసా అను మాటలు తెలియవలసివచ్చెను. ఎన్నియేండ్లు నివసించినాడో చూపి కూలివాడు తన తరగతిని ఋజువు చేసికొనవలెను. గాంధీమహాత్ముడు ఈ ఒడంబడికను విమర్శించెను. ఇంతలో యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23వ తేదిన రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు అరకానుమీదుగా చిట్టగాంగునకును, కొండదారులలో మణిపురమునకును, అస్సామునకును నడచివచ్చిరి. దారిలో రోగముచేతను, ఆకలిచేతను వేలకొలది మరణించిరి.

1948 జనవరి 4వ తేదిన బర్మా స్వతంత్రమైనది. భారతీయులు అక్కడి పౌరులగుటకు మార్గ మొకటి కలదు. 1942 జనవరి 1కి గాని, 1948 జనవరి 4కు గాని ముందటి పది సంవత్సరములలో ఎనిమిది సంవత్సరములు అక్కడ నివసించినట్లు చూపవలెను. అడవులలో నడచి ప్రాణములు దక్కించుకొన్నవారు కాగితములు ఎట్లు దక్కించుకొందురు? ఏటేట స్వగ్రామమునకు వచ్చిపోవువాడు ఎనిమిదేండ్లను ఎట్లు లెక్కించి చూపును? పెక్కుమంది దరఖాస్తే పెట్టలేదు. వారు విదేశీయులుగా నమోదుపత్రము పుచ్చుకొని, దానిని కాపాడుకొనుచు కాలము గడపిరి.

1962 మార్చి 2వ తేదిన సైన్యము ప్రభుత్వము నాక్రమించెను. 1964లో దుకాణములు జాతీయము చేయబడెను. మే 17వ తేదిన 50, 100 చ్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటింపబడెను. తరతరముల గడన ఒక్కదినములో కాగితమైపోయినది. ఓడలలో మరలివచ్చిన కుటుంబములలో కొన్ని విశాఖపట్టణమున దిగి బర్మా క్యాంపు అను పేరిట స్థిరపడినవి. ఆ దినములలో విదేశ యాత్రికులకు బర్మా ప్రభుత్వ మిచ్చిన వీసా 24 గంటలకు మాత్రమే. 1970లో అది 7 దినములైనది. తండ్రి ముప్పదియేండ్లు కష్టించిన నగరమును కొడుకు ఒక్కదినములో చూచి రావలసిన గతి పట్టెను.

బర్మా భాష నేర్చి, పత్రములు సంపాదించి అక్కడనే నిలిచిన తెలుగు కుటుంబములును కలవు. వారు బర్మా పౌరులై, ఇంట తెలుగు పండుగలు చేసికొనుచున్నారు. బరంపురపు తెలుగువారి స్థితి ఇందుకు కొంత పోలియున్నది. ఐతే మనకు పౌరసత్వము సంపాదించుకొనవలసిన కష్టము లేదు, ఉన్నచోటనే మనము భారత పౌరులము. ఒడియా మాటాడు పొరుగువారితో కలిసి, తెలుగు విడువక బ్రతుకుట మనకు తరతరముల అలవాటు. ఆ సదుపాయము లేనివారెంత నష్టపడిరో రంగము కథ చెప్పుచున్నది.

మన యిండ్లలో అటకలమీద ఇంకను కొన్ని పాత టేకు పెట్టెలుండవచ్చును. అందు ఓడ టిక్కెట్టో, నమోదుపత్రమో, చెల్లని చ్యాట్ల నోటో దొరకినచో పారవేయవలదు. వానికి నకలు తీయించి, ఎవరివో, ఏ యేటివో వెనుక వ్రాసియుంచుడు. ఆనాడు ఒక కాగితము లేకపోవుటచే ఇల్లే పోయినవారి గుర్తులవి.