పంజరంలోని చిలుకలు - కృత్రిమకాంతి: శాస్త్రచారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పక్షుల జీవనచక్రంపై వెలుతురు ప్రభావాన్ని గురించిన ప్రయోగాత్మక పరిశోధనకు నూరేళ్లు నిండాయి. వేటగాళ్ల, పెంపకందారుల వాడుకలో ఉన్న ఒక ఎరుక ప్రయోగశాలకు చేరి, అక్కడి నుంచి పెంపుడు చిలుకల వరకు వచ్చిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మనిషి కంటిని ఆధారం చేసుకున్న వెలుతురు కొలమానం చిలుకకు సరిపోదనీ, ఉత్తరదేశాలలో తేలిన పగటినిడివి సూత్రాలను ఉష్ణమండల చిలుకలకు యథాతథంగా అన్వయించరాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిలుక, పంజరం, కృత్రిమకాంతి, పగటినిడివి, అతినీలలోహితకాంతి, విజ్ఞానచరిత్ర.

1. ఉపోద్ఘాతం

శుకసప్తతి కథాచట్రంలోని చిలుక డెబ్బై రాత్రులు మేలుకొని ఉంటుంది. భర్త ఊళ్లో లేని వేళ ఇల్లు దాటబోయే ప్రభావతిని రాత్రికొక కథ చెప్పి ఆపుతుంది. సంస్కృతంలోని ఈ కథావస్తువును పాలవేకరి కదిరీపతి తెలుగులో కావ్యంగా మలిచాడు. కథ నడవడానికి రాత్రి కావాలి కనుక చిలుకకు నిద్ర లేదు. ప్రకృతిలో చిలుక స్వభావం ఇందుకు భిన్నమైనది. మన ఊళ్లలోని రామచిలుకలు పొద్దువాలగానే గుంపులుగా చెట్లకు చేరుకుంటాయి. కొంతసేపు గోల చేసి, చీకటి పడేసరికి సద్దుమణుగుతాయి.

కథకుడు తన చిలుకకు కల్పించిన జాగరణ, విద్యుద్దీపం వచ్చిన తరువాత పంజరంలోని చిలుకలకు నిత్యానుభవంగా మారింది. యజమాని దీపం ఆర్పినప్పుడే దానికి రాత్రి. ఈ మార్పు చిలుక ప్రవర్తనపై చూపే ప్రభావాన్ని శాస్త్రం ఎప్పుడు, ఏ ప్రశ్నలతో పరిశీలించింది? ఆ ప్రశ్నలు ఎవరి అవసరం నుంచి పుట్టాయి? ఈ రెండు విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రయోగశాలకు పూర్వం

వెలుతురుతో పక్షిని వశపరచుకోవచ్చునన్న సంగతి శాస్త్రజ్ఞులకంటె ముందే పెంపకందారులకు తెలుసు. జపానులో 'యోగాయ్' అనే ఆచారం ఉండేది. చలికాలంలో పొద్దుగుంకిన తరువాత కూడా కొన్ని గంటలపాటు పంజరం వద్ద దీపం ఉంచి, వసంతంలో పాడవలసిన పక్షిని శీతకాలంలోనే పాడించేవారు. హాలండులో పక్షుల వేటగాళ్లు ఇందుకు విలోమపద్ధతిని పాటించారు. వేసవి నెలలలో పక్షులను చీకటిలో ఉంచి, శరదృతువులో వెలుతురులోకి తెచ్చేవారు. వసంతం వచ్చిందనుకొని అవి పాడేవి. ఆ పాటకు ఆకర్షితమై వచ్చిన వలసపక్షులు వలలో చిక్కేవి.

ఈ రెండు ఆచారాలలోనూ దీపం ఒక పనిముట్టు. పక్షి నుంచి పాటను అకాలంలో రాబట్టడమే దాని ప్రయోజనం. తరువాతి కాలపు శాస్త్రీయ ప్రశ్నలపై ఈ దృష్టి ప్రభావం చాలాకాలం నిలిచింది.

3. 1924: ఒక ప్రయోగం, ఒక ప్రమాణం

కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ 1924 శరత్కాలంలో జుంకో అనే చిన్న వలసపక్షులను పట్టి, ఆరుబయలు పంజరాలలో ఉంచాడు. కొన్నింటికి విద్యుద్దీపాలతో పగటిని రోజుకు కొద్ది నిమిషాల చొప్పున పొడిగించాడు. గడ్డకట్టే చలిలో సైతం ఆ పక్షుల ప్రజననాంగాలు వసంతంలో వలె వృద్ధి చెందాయి. పక్షి ఋతువును గుర్తించడంలో ఉష్ణోగ్రతకంటె పగటినిడివే ప్రధానమని ఈ ప్రయోగం సూచించింది. 1925లో దీని ఫలితాలు 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి.

అదే 1924లో అంతర్జాతీయ ప్రకాశమాన సంఘం మనిషి కంటి స్పందనను ఆధారం చేసుకొని ఒక ప్రామాణికరేఖను ఆమోదించింది. దాని ప్రకారం 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కాంతికి విలువ అత్యధికం. 400 నానోమీటర్లకు దిగువన దాదాపు శూన్యం. వెలుతురును కొలిచే లక్స్ ఈ రేఖపైనే ఆధారపడింది. ఈ రెండు సంఘటనల మధ్య ప్రత్యక్షసంబంధం లేదు. అయినా పక్షులపై కాంతి ప్రభావాన్ని ప్రయోగాలతో పరిశీలించడం మొదలైన ఏడాదిలోనే, కాంతికి మనిషి కన్ను అధికారిక కొలబద్ద కావడం గమనార్హం. తరువాతి కాలంలో పంజరాల వెలుతురును సైతం లక్స్‌లోనే లెక్కించారు.

4. కంటిని దాటిన కాంతి

1930లలో ఫ్రాన్సుకు చెందిన జాక్ బెన్వా బాతులపై ప్రయోగాలు చేశాడు. చూపు లేని బాతులలో కూడా కాంతిప్రభావం వల్ల ప్రజననాంగాలు వృద్ధి చెందుతాయని, కాంతి పుర్రెను దాటి మెదడును నేరుగా చేరుతుందని ఆయన నిరూపించాడు. అమెరికాలో మైకేల్ మెనాకర్ బృందం 1970 ప్రాంతంలో ఊరపిచ్చుకలపై దీనిని మరింత స్పష్టపరిచింది. తల చర్మం కింద నల్లసిరా ఎక్కించి కాంతిని అడ్డగిస్తే ఈ స్పందన తగ్గింది. 2010లో జపాను పరిశోధకులు కౌజుపిట్ట మెదడు లోపలి భాగంలో ఆప్సిన్-5 అనే కాంతిగ్రాహక ప్రొటీను ఉందని గుర్తించారు.

ఈ ఫలితాలు వెలుతురు అన్న భావనను విస్తరింపజేశాయి. పక్షి విషయంలో కాంతి చూడడానికి ఉపకరించేది మాత్రమే కాదు. కాలాన్ని తెలిపేది కూడా. కళ్లు మూసుకున్న పక్షికి సైతం గదిలో వెలిగే దీపం కాలసూచికే అవుతుంది.

5. చిలుకల వంతు

జాన్ గూల్డ్ 1840లో ఆస్ట్రేలియా నుంచి బడ్జెరిగార్‌లను సజీవంగా ఇంగ్లండుకు తెచ్చాడు. మన నగరాలలో 'లవ్ బర్డ్స్' పేరుతో అమ్మేవి ఎక్కువగా ఈ చిలుకలే. పంజరంలో సులభంగా పెరగడం వల్ల ప్రయోగశాలలకు కూడా ఇవి అనుకూలమయ్యాయి. 1960లలో బార్బరా బ్రాక్‌వే జరిపిన ప్రయోగాలు, మగపక్షి ప్రణయధ్వనులు ఆడపక్షిలో అండాశయవృద్ధిని ప్రేరేపిస్తాయని తెలిపాయి. 1989లో కాలిఫోర్నియా పరిశోధకులు కోకటీల్ చిలుకలలో పొడిగించిన వెలుతురు, గూడుపెట్టె, జంట సాన్నిధ్యం - ఈ మూడింటినీ కలిపి పరిశీలించారు. చిలుకను దీపంతో నడిచే యంత్రంగా భావించలేమని ఈ పరిశోధనల ద్వారా తెలుస్తుంది. వెలుతురుకు ధ్వని, సహవాసం, గూడు తోడవుతాయి.

రెండవ మలుపు దృష్టికి సంబంధించినది. పక్షులు అతినీలలోహితకాంతిని చూడగలవని 1970లలో తేలింది. బడ్జెరిగార్ కంటిలో సుమారు 370 నానోమీటర్ల వద్ద అత్యధికంగా స్పందించే గ్రాహకం ఉంది. మనిషి ప్రమాణరేఖ శూన్యంగా లెక్కించిన చోటనే ఈ చిలుకకు ఒక రంగు ఉంది. 2001లో పెర్న్, బెన్నెట్, కుత్‌హిల్ ఆడ బడ్జెరిగార్‌లు జంటను ఎంచుకోవడంలో ఈ కాంతికి ప్రాధాన్యం ఉందని చూపారు. ఈకల ప్రతిదీప్తికి మాత్రం అంత ప్రాముఖ్యం కనిపించలేదన్నారు. 2002లో ఆర్నల్డ్ బృందం ప్రతిదీప్తి కూడా ఎంపికను ప్రభావితం చేస్తుందని వాదించింది. అభిప్రాయభేదం ఉన్నా ఒక అంశం స్పష్టం: దీపకాంతిలో ఏ తరంగాలు ఉన్నాయన్నదానిపై తోటిపక్షి రూపమే ఆధారపడి ఉంటుంది.

దీనికి శారీరకపార్శ్వం కూడా ఉంది. ఆఫ్రికా బూడిదరంగు చిలుకలలో అతినీలలోహిత-బి కాంతి రక్తంలోని అయనీకృత కాల్షియాన్ని పెంచుతుందని మైకేల్ స్టాన్‌ఫర్డ్ పరిశోధన తెలిపింది. ఈ జాతిలో కాల్షియం లోపిస్తే వణుకు, మూర్ఛ కనిపిస్తాయి. కిటికీ అద్దం ఈ కిరణాలను అడ్డగిస్తుంది. కనుక అద్దం వెనుక పంజరం మనకు వెలుగుతో నిండినట్లు కనిపించినా, చిలుకకు అవసరమైన కాంతి అందులో ఉండదు.

6. అక్షాంశాల ప్రశ్న

రోవన్ ప్రయోగం జరిగిన ఎడ్మంటన్‌లో పగటినిడివి చలికాలంలో సుమారు 7½ గంటలు, వేసవిలో సుమారు 17 గంటలు. హైదరాబాదులో ఇది సుమారు 11 గంటల నుంచి 13 గంటలకు కొంచెం పైవరకు మాత్రమే మారుతుంది. భూమధ్యరేఖకు చేరువలో నివసించే బూడిదరంగు చిలుకకు ఏడాది పొడవునా పగలూ రాత్రీ దాదాపు సమానం. రాత్రి పదకొండు వరకు దీపం వెలిగే ఇంట్లో ఆ చిలుక అనుభవించే పదిహేడు గంటల పగలు, దాని మాతృభూమిలో ఏ ఋతువులోనూ లేనిది. మన రామచిలుక కూడా దీర్ఘమైన పగళ్ల కోసం వేచి ఉండదు. పగలు ఇంకా చిన్నదిగా ఉన్న మాఘ-ఫాల్గుణాలలోనే తొర్రలు వెతుక్కుంటుంది.

7. అన్వయంలో జాగ్రత్తలు

పంజరపక్షి వైపరీత్యాలన్నింటికీ దీపాన్నే బాధ్యురాలిని చేయడం కూడా అశాస్త్రీయమే. అమెజాన్ చిలుకలు ఈకలు పీక్కునే అలవాటును, ఆహారం వెతుక్కునే అవకాశం, వైవిధ్యమున్న పరిసరాలు తగ్గిస్తాయని 2003లో మీహన్, మిల్లమ్, మెంచ్ నిరూపించారు. ట్యూబ్‌లైటు మినుకు విషయం మరొకటి. 50 హెర్ట్జ్ విద్యుత్తుపై పాతరకం చోక్‌తో వెలిగే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. చిలుకలన్నీ దీనిని చూసి బాధపడతాయన్న నమ్మకం పెంపకందారులలో ఉంది. అయితే 2017లో బడ్జెరిగార్‌లపై జరిగిన పునఃపరీక్షలో వాటి మినుకుగ్రహణ పరిమితి సగటున 100 హెర్ట్జ్ కంటె తక్కువగానే తేలింది.

8. ముగింపు

* ఆరంభంలో ‘దీపంతో పక్షి నుంచి ఏమి రాబట్టవచ్చు?’ అన్న ప్రశ్న ప్రధానంగా ఉండగా, ఇటీవలి దశాబ్దాలలో ‘ఈ దీపం పక్షికి ఏమవుతుంది?’ అన్న ప్రశ్న దాని సరసన చేరింది.
* చిలుకల ఆవాసాలను వర్ణించే పరిశోధనలు లక్స్ విలువతో సరిపెట్టక, కాంతి వర్ణపటాన్నీ చీకటి నిడివినీ తప్పనిసరిగా నమోదు చేయాలి.
* పగటినిడివి నియమాలు జాతి స్వస్థలపు అక్షాంశాన్ని బట్టి ఉండాలి.
* 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1990ల ఆరంభంలో దేశీయపక్షుల వ్యాపారంపై వచ్చిన నిషేధం రామచిలుకను పంజరం నుంచి చట్టపరంగా విడిపించాయి. వాటి స్థానంలోకి వచ్చిన విదేశీచిలుకలకు చీకటిపై హక్కు గురించిన చర్చ మన భాషలో ఇంకా విస్తరించవలసి ఉంది.

శుకసప్తతిలోని చిలుక డెబ్బై రాత్రుల జాగరణ ఒక ఇంటిని నిలబెట్టడానికి. దీపాల వల్ల నేటి చిలుకలు చేస్తున్న జాగరణకు అటువంటి ప్రయోజనమేదీ లేదు. పొద్దుగుంకగానే పంజరం ఉన్న గదిలో దీపం ఆర్పడం, నూరేళ్ల పరిశోధన సూచించే అతిసులభమైన ఆచరణ.