కోతలు తీరాక వచ్చిన సౌర విద్యుత్తు: ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల చరిత్ర

హైదరాబాద్ తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలకు సౌర విద్యుత్తు అవసరాన్ని గుర్తుచేసింది కరెంటు కొరతే అయినా, అది కప్పుల మీదికి ఎక్కడానికి అనువైన పరిస్థితులు మాత్రం కొరత తీరిన తర్వాతే ఏర్పడ్డాయి.

కృష్ణా గోదావరి బేసిన్ నుంచి సహజ వాయువు సరఫరా పడిపోయి గ్యాస్ ఆధారిత కేంద్రాలు మూలనపడగా, వర్షాభావం వల్ల జల విద్యుత్తు కూడా తగ్గడంతో, 2012–13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’ విధించింది. వారంలో కొన్ని రోజులు సరఫరా నిలిపివేసే ఈ పద్ధతి వల్ల చిన్న కార్ఖానాలు డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. ప్రభుత్వం 2012లోనే సౌర విద్యుత్ విధానాన్ని ప్రకటించినా, అది ఈ వాడల ఇబ్బందిని వెంటనే తీర్చగలిగేది కాదు.

ఇందుకు కారణం యంత్రంలోనే ఉంది. సౌర పలకల నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తును వాడుకకు పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే సాధనం ఇన్వర్టర్. గ్రిడ్‌తో అనుసంధానమైన ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే మరమ్మతుకు స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. కనుక బ్యాటరీలు గానీ, జనరేటర్‌తో జతకూర్చే ఏర్పాటు గానీ లేనిదే, కోత వేళ ఎండ ఎంత కాసినా కప్పు మీది పలకలు అక్కరకు రావు. పైగా పాత షెడ్ల సిమెంటు రేకులు ఆ బరువును మోయగలవో లేదో ముందుగా చూసుకోవలసి ఉండేది.

2014లో తెలంగాణ ఏర్పడేనాటికి వంద మెగావాట్లయినా లేని సౌర సామర్థ్యం 2018 మార్చి నాటికి మూడు వేల మెగావాట్లు దాటింది. ఒకే చోట భారీ పార్కు కట్టడానికి బదులు, సబ్‌స్టేషన్ల వారీగా టెండర్లు పిలిచి మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో చిన్న, మధ్య తరహా కేంద్రాలను విస్తరింపజేయడం ఈ పెరుగుదలలోని ప్రత్యేకత. సరఫరా నిలకడ పొందడంతో నగరంలోని వినియోగదారుల దృష్టి కోతల నుంచి బిల్లు మీదికి మళ్లింది. 2015 నాటి రాష్ట్ర సౌర విధానం, 2016లో విద్యుత్ నియంత్రణ మండలి తెచ్చిన నెట్ మీటరింగ్ నిబంధనలు ఇందుకు దారి చూపాయి. వాడుకోగా మిగిలిన యూనిట్లను గ్రిడ్‌కు పంపి, తీసుకున్న యూనిట్లలో సర్దుబాటు చేసుకునే పద్ధతే నెట్ మీటరింగ్.

2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో రైలు ప్రారంభమైన తర్వాత, ఉప్పల్, మియాపూర్ డిపోలతో పాటు స్టేషన్లలో కలిపి ఎనిమిది మెగావాట్లకు పైబడిన సౌర ఫలకాలు అమరాయి. ఇళ్ల విషయంలో, 2024లో కేంద్రం తెచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం మూడు కిలోవాట్లు, అంతకు మించిన వ్యవస్థలకు 78,000 రూపాయల రాయితీ ఇచ్చింది. అయితే అపార్టుమెంట్లలో పైకప్పు అందరి ఉమ్మడి ఆస్తి కావడంతో, ఏ ఒక్క కుటుంబమో సొంతంగా నిర్ణయించుకోగల విషయం కాదిది.

పలకలు మధ్యాహ్నం ఎక్కువగా ఉత్పత్తి చేస్తే, ఇళ్లలో వాడకం పొద్దుగూకాక పెరుగుతుంది. 2025లో తెలంగాణ ప్రకటించిన స్వచ్ఛ, హరిత ఇంధన విధానం ఉత్పత్తితో పాటు నిల్వకూ చోటు ఇవ్వడం ఈ అంతరాన్ని గుర్తించినందువల్లనే. కోతల కాలంలో కొరవడినది కూడా ఈ నిల్వ సౌకర్యమే.