జానిసరీ: పాతబడిన ‘కొత్త సైన్యం’

మన సంఘం పఠనాలయంలో చరిత్ర పుస్తకం తిరగేస్తున్న పిల్లలు ‘జానిసరీ’ అంటే ఎవరని మమ్మల్ని అడిగారు. ఎవరిదో ఇంటిపేరు అనుకున్నారట. అది తుర్కీ మాట. అసలు పలుకుబడి ‘యెనిచెరి’. ‘యెని’ అంటే కొత్త, ‘చెరి’ అంటే సైన్యం. ఇటలీ వారి నోట ‘య’ కాస్తా ‘జ’ అయింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి జానిసరీగా స్థిరపడింది.

కొత్త అని ఎందుకన్నారంటే, ఒట్టోమన్ సుల్తానుల పాత బలగంలో ఎక్కువమంది గుర్రపు రౌతులు. యుద్ధం ముగిస్తే ఎవరి దారి వారిది, ఎవరి నాయకుడు వారికి. 14వ శతాబ్దిలో సుల్తాను తనకే కట్టుబడి, జీతం మీద ఏడాది పొడవునా ఉండే కాల్బలాన్ని ఏర్పరచుకున్నాడు. అదే యెనిచెరి. వారి రౌతులను ‘సిపాహీ’ అనేవారు. మన సిపాయి కూడా ఆ పారశీక మాటే.

మొదట్లో యుద్ధ ఖైదీలను చేర్చుకున్నారు. తర్వాత ‘దెవ్‌షిర్మె’ వచ్చింది. ఆ మాటకు అర్థం ఏరి పోగుచేయడం. బాల్కన్ ప్రాంతపు క్రైస్తవ పల్లెలకు అధికారులు వెళ్లి మగపిల్లలను ఎంచి తీసుకుపోయేవారు. ఒక్కడే కొడుకున్న ఇంటిని వదిలేయాలని నియమం. తీసుకెళ్లిన పిల్లలకు మతం మార్చి, కొత్త పేరు పెట్టి, తుర్కీ నేర్పేవారు. మన పెద్దలు కూడా ఊళ్లు వదిలి వచ్చినవారే. కానీ పిల్లాపాపలతో, భాషతో సహా వచ్చారు. ఆ పిల్లలకు అది కూడా దక్కలేదు. అలాగని అందరూ ఊరిని మరచిపోలేదు. ఇలా ఏరి తెచ్చిన బోస్నియా పిల్లవాడొకడు సొకొల్లు మెహ్మద్ పాషాగా 1565లో మహామంత్రి అయ్యాడు. తన సొంత ప్రాంతంలో, విషెగ్రాద్ దగ్గర, ద్రీనా నది మీద అతను కట్టించిన రాతి వంతెన ఇప్పటికీ ఉంది.

ఈ దళం పదవుల పేర్లు వింటే నవ్వొస్తుంది. దళాన్ని ‘ఒజాక్’ అనేవారు, అంటే పొయ్యి. పటాలం అధికారి పేరు ‘చోర్బజీ’, చారు కాచేవాడని అర్థం. అందరూ కలిసి తినే పెద్ద వంటపాత్ర ‘కజాన్’ వారికి జెండా అంత గౌరవమైనది. దాన్ని బోర్లించారంటే ఇక తిరుగుబాటే! ‘కజాన్ ఎత్తడం’ అంటే ఎదురు తిరగడమని తుర్కీలో నేటికీ జాతీయం.

కాలక్రమంలో పెళ్లిళ్లు, వ్యాపారాలు, కొడుకులకే ఉద్యోగాలు వచ్చాయి. జీతం పుచ్చుకునేవారు పెరిగారు, యుద్ధానికి వెళ్లేవారు తగ్గారు. (గుమాస్తాగిరీ చేసిన మాకు ఇలాంటి జీతాల పట్టీలు కొత్త కాదు.) మూడవ సెలీం సుల్తాను యూరప్ పద్ధతిలో ‘నిజామ్-ఇ జెదీద్’ పేరిట మరో దళాన్ని కూర్చాడు. మనకు తెలిసిన నిజాం మాటే అది. ఆ పేరుకు కొత్త వ్యవస్థ అని అర్థం. యెనిచెరీలు 1807లో తిరగబడి అతన్ని గద్దె దించారు. 1826 జూన్‌లో రెండవ మహమూద్ మళ్లీ ప్రయత్నించినప్పుడు కూడా కజాన్లు బయటికి వచ్చాయి. ఈసారి సుల్తాను ఇస్తాంబుల్‌లోని వారి బారకాసుల మీద ఫిరంగులు పేల్చించాడు. వేలమంది చనిపోయారు, దళం రద్దయింది. సర్కారు దస్తావేజుల్లో ఆ సంఘటనకు పెట్టిన పేరు ‘శుభ ఘటన’.