పాములవారి విద్య: నాఁడు, నేఁడు



బుట్టతో, నాగస్వరముతో వచ్చు పాములవారిని చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు పెద్దలు ఎఱుఁగనివారు కారు. పాములను పట్టి మేపుట మన దేశమునఁ బ్రాచీనవృత్తి. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుఁడు మన సర్పములను పరిశీలించి 1796లో గ్రంథమును బ్రకటించెను. రక్తపింజరికి మనవారు వాడిన ‘కాటుక రేకుల పొడ’ యను పేరు నందు లిఖించెను.

నాగుబాము పడగ విప్పుట పగచేఁ గాదు, ఆత్మరక్షణమునకే. అది యూఁగునది నాదమునకుఁ గాదు, బూర కదలికకు. దాని యాహారము ఎలుకలు, కప్పలు, పాలు కావు. పండుగనాఁడు పాలు త్రాగునట్లు చేయుటకై కొందఱు దానిని ముందుగా దప్పికతో మాడ్చెడివారు. కోఱలు పెఱికిన నోరు పుండై, తినలేక యది చచ్చును.

1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములను బట్టుటను, పెంచుటను నిషేధించినది. పాములవారి కూడు పోయినమాట నిజమే. అయినను విద్య వ్యర్థము కానక్కఱలేదు. చెన్నపట్టణ సమీపమున ఇరుళులు 1978లో సహకార సంఘముగా నేర్పడి, ప్రభుత్వానుమతితో విషము దీసి, పాములను మరల విడుచు పద్ధతిని నెలకొల్పిరి. ఆ విషమే పాముకాటు మందునకు మూలము.

కావున ఇంట దూఱిన పామును గొట్టకుఁడు, పట్టకుఁడు. దూరముగా నిలిచి అటవీశాఖవారికిఁ దెలుపుఁడు. కఱచినచో మంత్రమునకై కాలము పుచ్చక ఆసుపత్రికిఁ గొనిపొండు.