మాస్టరు టేపు, మన్యపు కొమ్ము: అరువదులనాటి ఒక ఇత్తడి వాద్యసంపుటి పునశ్శ్రవణము

హెర్బ్ ఆల్పర్టు అను అమెరికా దేశపు ట్రంపెటు విద్వాంసుడు టిజువానా బ్రాస్ అను బృందనామముతో 1965వ సంవత్సరమున వెలువరించిన ‘విప్డ్ క్రీమ్ అండ్ అదర్ డిలైట్స్’ అను వాద్యసంగీత సంపుటి, అరువది లక్షలకు మించి ప్రతులు అమ్ముడుపోయి, పిమ్మట పెక్కేండ్లు పాత రికార్డుల అంగళ్లలో మూలపడియుండి, 2005లో ఒకసారియు, ఏబదియేండ్ల సందర్భమున మఱియొకసారియు రీమాస్టరు చేయబడి శ్రోతలకు మరల అందినది. అందలి వాద్యరచనలు పండ్రెండు. వాని పేర్లన్నియు తినుబండారములను స్ఫురింపజేయునవే. బీటిల్స్ గీతములు లోకము నేలుచున్న ఆ దినములలో, గాత్రముతో పనిలేని ఈ సంపుటి 1965 నవంబరులో అమెరికా పట్టికయందు ప్రథమస్థానము నందుటయు, ఇందలి ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ 1966 గ్రామీ పురస్కారములలో ఆ యేటి మేటి రికార్డుగా ఎన్నిక యగుటయు, ఇత్తడినాదమునకు సామాన్య శ్రోత హృదయముపై గల అధికారమును నిరూపించు విషయములు. ఆ సంపుటిని ఖమ్మము, భద్రాచలముల అరణ్యసీమలో వినవచ్చు ఊదువాద్యముల సన్నిధిని నిలిపి పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా రీమాస్టరింగు అను ప్రక్రియ యెట్టిదో నిర్ణయించుకొనవలెను. వాద్యముల పరస్పర ప్రమాణములు మిశ్రణ (మిక్సింగు) దశలోనే స్థిరపడును గాన, ఆ మిశ్రణము నిలిచిన తుదిటేపును, అనగా మాస్టరు టేపును, చేతబట్టిన రీమాస్టరు నిపుణుడు డ్రమ్మును తగ్గించి ట్రంపెటును పెంచజాలడు. సమగ్రనాదముయొక్క మంద్ర తారస్థాయుల తులను సవరించుట, టేపుసవ్వడిని వీలైనంత మాన్పుట, ఇవియే అతని యధికారములు. ఎల్పీ రికార్డుపై మంద్రనాదము ఎక్కువైనచో గాడి వెడల్పై ఇరువైపులకు ఊగి సూది తప్పిపోవు ప్రమాదము కలదు. గాడి కేంద్రమునకు సమీపించుకొలది తారస్థాయి మసకబారును. ఈ నిర్బంధములు టేపునకు లేవు. కావున, మంచి రీమాస్టరు మనకు వినిపించునది నూతనాలంకారము కాదు. రికార్డు గాడిలో ఇమడక నిలిచిపోయిన పూర్వనాదమే. ఇట్లుగాక, అన్ని స్వరములను ఒకే బిగ్గరతనమునకు ఎత్తి నొక్కిపెట్టిన రీమాస్టరులు ఎన్నియో బయలుదేరినవి. వానిని పునరుద్ధరణములని పిలుచుటకు నాకు మనసొప్పదు.

ఈ సంపుటిని శుద్ధప్రతిలో విన్నప్పుడు రెండు విశేషములు మిక్కిలి స్పష్టమగును. మొదటిది ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’లోని డ్రమ్ముదెబ్బలు. మందగతి ముగిసి శీఘ్రగతి మొదలగుచోట బృందమంతయు ఏకకాలమున ప్రవేశింపలేక తడబడుచుండగా, డ్రమ్ముల విద్వాంసుడగు హాల్ బ్లెయిన్ వారికి సంజ్ఞగా పెద్దడ్రమ్ముపై వరుసదెబ్బలు కొట్టెను. సంజ్ఞకై పుట్టిన ఆ దెబ్బలే రికార్డులో నిలిచి, ఆ రచనకు ముఖలక్షణమైనవి. రెండవది ట్రంపెటు జంట. ఇరువురు వాయించుచున్నట్లు తోచు ఆ నాదమున ఇద్దఱును ఆల్పర్టే. తాను ఒకమారు ఊదినదానిపై తానే మఱల ఊది, పొరపై పొరగా చేర్చెను. లెస్ పాల్ అను విద్వాంసుడు గిటారుతో సాధించిన పొరల పద్ధతిని ఆల్పర్టు 1962నాటి ‘ది లోన్లీ బుల్’ మొదలు ఇత్తడికి అన్వయించెను. రెండు పొరలును అణుమాత్రము భేదించుటచేత కలుగు ఆ మిలమిలయే టిజువానా బ్రాస్ మాధుర్యమునకు మూలము. దీనికి కారణము నాదశాస్త్రమున సుప్రసిద్ధము: సెకనుకు 440 కంపనముల స్వరమును, 443 కంపనముల స్వరమును కలసి మ్రోగినచో, నాదము సెకనుకు మూడుమార్లు ఉబ్బి తగ్గును. శ్రుతి సంపూర్ణముగా కలసిన చోట ఈ తరంగము పుట్టదు.

ఇక మన సీమకు వత్తము. భద్రాచలమున శ్రీరామనవమినాడు సీతారామ కల్యాణవేళ గట్టిమేళమై మ్రోగు నాదస్వరము కొయ్యదేహము గలది. ఖమ్మము, ఇల్లెందు, కొత్తగూడెము వీధులలో పెండ్లి ఊరేగింపునకు ముందు నడచు బ్యాండుమేళపు ట్రంపెటు ఇత్తడిది. గోదావరి కిరుప్రక్కల మన్యమున ఇలవేల్పుల కొలుపులయందును జాతరలయందును ఊదబడు కొమ్ముబూర, బ్యాండు ఈ దేశమున అడుగిడుటకు ఎన్నో తరముల ముందునుండియు నున్నది. ఒకే సీమయందు, కొలది ఆమడల మేర, మూడు తీరుల ఊపిరి ఇట్లు ప్రతిధ్వనించుట సంగీతచరిత్రకారులు గమనింపదగిన విషయము.

బ్యాండుమేళమును పెక్కుమంది పండితులు పరదేశపు అనుకరణమని తీసివైచుట అన్యాయమని నా యభిప్రాయము. దండు పటాలములతో వచ్చిన ఆ వాద్యములను పెండ్లివీధికి తెచ్చి, సినిమాపాటను గాత్రము లేకుండ వాయించి, పదములు లేకున్నను పల్లె యంతయు ఆ పాటను గుర్తించునట్లు చేసినవారు పేదకళాకారులు. మీరట్ నగరమున జలీకోఠీ అను పేటయందలి వాద్యనిర్మాణము నేటికిని దేశమందలి మేళములకు ఇత్తడిని సమకూర్చుచున్నది. ప్రసిద్ధగీతమును గాత్రము తొలగించి ట్రంపెటునకు అప్పగించుటలో ఆల్పర్టు చేసినదియు, మన మేళగాడు చేయుచున్నదియు ఒక్కటే. ఒకనికి స్టూడియో కలిగినది, రెండవవానికి వీధి మాత్రమే కలిగినది.

కొమ్ముబూర కథ వేఱు. ట్రంపెటునకు మూడు మీటలు గలవు. పందొమ్మిదవ శతాబ్దారంభమున జర్మనీ దేశమున కల్పింపబడిన మీటల ఏర్పాటుచేత ఆ వాద్యము అన్ని స్వరములను పలుకగలిగినది. ముక్కలుగా చేసి అతికి, వంపుదీర్చిన కొమ్మునకు మీటలు లేవు. గొట్టపు పొడవు నిర్ణయించిన సహజస్వరములనే పెదవుల బిగువుచే వెలికిదీయవలెను. కావున కొమ్మునుండి రాగమును ఆశించువాడు నిరాశపడును. దాని ధర్మము పిలుపు. డోలు నడకకు అది శిఖరమును కల్పించును, దేవర రాకను చాటును. రెండు కొమ్ములు సరిసమానముగా ఎన్నడును రూపొందవు గనుక, ఆల్పర్టు స్టూడియోలో శ్రమించి సాధించిన ఆ అల్పభేదపు తరంగము ఇచ్చట జంట కొమ్ములనుండి అప్రయత్నముగా పుట్టును. ఇద్దఱు మనుష్యుల రెండు ఊపిరులు కలియుటయే ఇందలి విశేషము.

ఈ కొమ్మునాదమునకు వాఙ్మయముతోడి సంబంధము విడదీయరానిది. కోయ గిరిజనుల గోత్రశాఖలగు గట్టుల వంశచరిత్రలను, ఇలవేల్పుల కథలను తరతరములుగా కంఠస్థమొనర్చి, ముక్కోణపు గుడ్డజెండాలగు పడిగెలపై కూర్చిన చిత్రముల యెదుట గానము చేయువారు డోలీలు. మణుగూరు మండలమందలి కూనవరము గ్రామవాసియగు సకిని రామచంద్రయ్యగారు, కంచుమేళము, కంచుతాళము అను వాద్యకళలో నిష్ణాతులై, కోయభాషలోను తెలుగులోను సమ్మక్క సారలమ్మల కథను పాడి, 2022లో పద్మశ్రీ పురస్కారము నందిరి. 2024 జూన్ నెలలో వారు గతించిరి. అట్టి గాయకుని వెంట పోవునది ఒక కంఠము మాత్రమే కాదు. ఏ గట్టునకు ఏ కథ, ఏ ఘట్టమున ఏ డోలుదెబ్బ, కొమ్ము ఎచ్చట లేవవలెను అను వివేకమంతయు పోవును. ఆల్పర్టు సంపుటికి టేపు మిగిలియున్నందున మూడవ తరమువారును దానిని శుద్ధిచేసి వినగలుగుచున్నారు. లేని టేపును శుద్ధిచేయు నిపుణుడు లోకమున లేడు.

జాతరలలో నేడు చేతిఫోనులు వేలకొలది ఎత్తబడుచున్నవి గదా యని కొందఱనవచ్చును. ఆ యంత్రములు మాటలను పట్టుటకు ఏర్పడినవి. బిగ్గరనాదము తగిలినంతనే తమంత తాము దానిని అణచివేయును, ఎడతెగని మ్రోతను సవ్వడిగా ఎంచి తుడిచివేయును. కొమ్ము లేచుటయు, డోలు తగ్గుటయు అను భేదమే అందు నశించును. కావలసినది నొక్కివేతలేని పూర్ణప్రమాణపు ధ్వనిముద్రణము; ఒక మైకు వాద్యములకు చేరువను, ఒకటి జనసమూహమునకు దూరమునను నిలుపవలెను; వాయించువారి పేర్లు, గట్టు, సందర్భము వారి యనుమతితోనే వ్రాయవలెను; మూలప్రతిని సవరింపక భద్రపరచి, శుద్ధిచేసినదానిని వేఱుగా ఉంచవలెను; ఒక ప్రతి ఆ గూడెమునకే చెందవలెను. ఇందులో కడపటిది తక్కినవానికన్న ముఖ్యమని నా దృఢవిశ్వాసము.

భద్రాచలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు, దాని గిరిజన ప్రదర్శనశాలయు కలవు. వరంగల్లున తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞానపీఠము కలదు. సమ్మక్క సారలమ్మల మేడారము జాతర రెండేండ్లకొకమారు మాఘపౌర్ణమి వేళ జరుగును. ఊళ్లలోని కొలుపులు ఏటేట జరుగును. రాబోవు జాతర వఱకు వేచియుండక, ఈ వేసవి కొలుపులలోనే డోలీపెద్దల సమ్మతితో, వారికి తగిన పారితోషికమిచ్చి, ఈ ధ్వనిముద్రణమును ఆరంభింపవలసినదిగా ఈ సంస్థల పెద్దలను సవినయముగా కోరుచున్నాను.