నౌపడ ఉప్పుమళ్లును, పైవారి న్యాయమును

నౌపడ రైలుకూడలిలో దిగి సముద్రమువైపు నడచినవారికి ముందుగా కానవచ్చునది ఊరు కాదు, ఉప్పు. సముద్రపు నీటిని కాలువల వెంట లోనికి తెచ్చి, పెద్దమళ్లలో నిలిపి, ఎండకు చిక్కబడిన పిమ్మట చిన్నమళ్లలోనికి వదలి, అడుగున కట్టిన పలుకులను గీచి గట్టునకు చేర్చి కుప్పలు పోయుట ఇచ్చటి పని. చలికాలము వెనుదీయుచుండగా మొదలై తొలకరి పడువరకు సాగును. మబ్బొక్కటి వేళకు ముందు వచ్చెనా, కుప్పయు కరగును, కూలియు కరగును.

ఈ మళ్ల చరిత్రను తలచినప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచుచుండును. అది నౌపడకు మాత్రమే చెందినది కాదు. యుద్ధము ముగిసిన దేశమున న్యాయస్థానములను, ఆర్థిక వ్యవస్థను సంస్కరించు భారమును బయటివారు వహించి, తామే పైనుండి కనిపెట్టియుండినచో, ఆ కనిపెట్టువారిని కనిపెట్టువారెవరు?

మన కాలమున ఈ ప్రశ్నకు ప్రసిద్ధమైన నిదర్శనము బోస్నియా. 1995 డిసెంబరులో పారిసు నగరమున చేవ్రాళ్లు పడిన డేటన్ సంధి ఆ దేశమునకు శాంతిని మాత్రమే గాక రాజ్యాంగమును గూడ ఇచ్చెను. రాజ్యాంగ న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులలో మువ్వురు విదేశీయులు. వారిని నియమించునది ఐరోపా మానవహక్కుల న్యాయస్థానాధ్యక్షుడు. దేశపు కేంద్రబ్యాంకునకు మొదటి గవర్నరు ఆ దేశపు పౌరుడు కాకూడదనియు, అతనిని అంతర్జాతీయ ద్రవ్యనిధి నియమించుననియు ఆ రాజ్యాంగముననే వ్రాసిరి. వీరందరిపై ఉన్నతప్రతినిధి యను అధికారి యొకడు. 1997లో బాన్ నగరపు సమావేశము అతనికి చట్టములు విధించుటకును, ఎన్నికైన వారిని సయితము తొలగించుటకును అధికారమిచ్చెను. 2004 జూనులో నొక్కదినముననే సుమారు అరువదిమంది తొలగింపబడిరి. వారు మొరపెట్టుకొనదగిన న్యాయస్థానము లేదు. ఈ లోపమును 2005లో ఐరోపా మండలికి చెందిన వెనీసు సంఘమే ఎత్తిచూపెను. నాణెము నిలకడగా నిలిచెను, మరల యుద్ధము రాలేదు. ఇవి కొట్టివేయదగిన మేళ్లు కావు. కాని కొలదికాలమునకని పెట్టిన ఆ కార్యాలయము 2025 నాటికిని మూతపడలేదు.

ఇది దూరదేశపు ముచ్చట యని చదువరులు త్రోసివేయకుందురు గాక. మన శ్రీకాకుళపు సర్కారులో ఇట్టిదే యొక కథ రెండువందల యేండ్లకు మునుపు జరిగినది.

1758 డిసెంబరులో చందుర్తి యొద్ద విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు తోడ్పాటుతో ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించిరి. 1765లో మొగలాయి పాదుషా ఫర్మానాయు, 1766 నవంబరులో నిజాముతో ఒడంబడికయు జరిగి ఉత్తర సర్కారులు కుంపిణీవారి వశమయ్యెను. ఈ కాగితములలో దేనియందును ఇచ్చటి రైతు చేవ్రాలు లేదనుట చెప్పనక్కరలేదు. నేలను గెలిచిన పిమ్మట నేల స్థితి తెలియవలెను గదా! సర్క్యూటు కమిటీ యను విచారణసంఘమును మద్రాసువారు నియమించిరి. జమీందారుల రాబడి, సైన్యము, రైతుల పాలు మున్నగునవి ఆ సంఘము విచారించి వ్రాసెను. 1788లో దానిని ఎత్తివేసిరి. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయమును, జిల్లా న్యాయస్థానములును ఒకేమారు వచ్చెను. బాకీపడిన జమీ వేలమునకు పోవును; అప్పిచ్చినవాడు డిక్రీ తెచ్చుకొనును. వంగరాష్ట్రమున కుట్టిన చొక్కాను మన కొండసీమకు తొడిగిరి.

1805లో ఉప్పు వంతు వచ్చెను. ఆ యేటి మొదటి రెగ్యులేషనుచే మద్రాసు రాజధానిలోని ఉప్పంతయు ప్రభుత్వపు గుత్తసొత్తయ్యెను. పండించువాడు ప్రభుత్వము పెట్టిన ధరకు ప్రభుత్వమునకే అమ్మవలెను. కొనువాడు ప్రభుత్వము పెట్టిన వేరొక ధరకు కొనవలెను. ఈ రెండు ధరలకు నడుమనున్నదే రాబడి. దీనిని సంస్కరణమనిరి.

కొండసీమ ఈ సంస్కరణములను మౌనముగా మోయలేదు. పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతములలో అలజడులు ముదిరి, 1832లో మద్రాసు రెవెన్యూబోర్డు సభ్యుడగు జార్జి రస్సెల్ ప్రత్యేక కమిషనరుగా పంపబడెను. సైన్యమును, సైనికశాసనమును ఆయన వెంట వచ్చెను. పాలకొండ జమీ ప్రభుత్వ స్వాధీనమయ్యెను. 1846లో దానిని ఆర్బత్నాటు కంపెనీకి కౌలునకిచ్చిరి. న్యాయము జరుపవచ్చినవారి వెనుకనే వర్తకులు వచ్చుట ఇచ్చట గమనింపదగును.

ఐనను రస్సెలును గూర్చి ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఆయన కేవలము దండించి పోలేదు. తిరుగుబాటునకు కారణమేమని వెదకెను. బల్లపరుపు నేలకు తగిన కోర్టుల పద్ధతి, డిక్రీలు, జప్తులు కొండ జమీందారులకు అవమానముగా తోచుటయు ఒక కారణమని కనుగొనెను. దాని ఫలము 1839వ సంవత్సరపు 24వ చట్టము. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండభాగములు సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడెను. సివిలు, క్రిమినలు వ్యవహారములును, వసూళ్లును కలెక్టరునకే అప్పగించి, ఆయనను గవర్నరు ఏజంటనిరి. మనవారు నేటికిని కొండసీమను ఏజెన్సీ యని పిలుచుచున్నారు. ఆ మాటకు మూలమిదియే. శిస్తు వసూలుచేయువాడే తీర్పరి యగుట మంచిదా యని నాడు అడిగినవారు తక్కువ. అలజడి అణగించుటకు పుట్టిన ఏర్పాటు, అలజడి అణగిన పిదపను పోలేదు. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టము, 1935లో మినహాయింపబడిన ప్రాంతముల ఏర్పాటు, 1950లో అయిదవ షెడ్యూలు, ఇట్లు పేర్లును ఉద్దేశములును మారుచు వచ్చెనే కాని, కొండకు వేరు విధానమను పద్ధతి కొనసాగినది.

ఇందొక వింత యున్నది. కొండవారిని కోర్టులనుండి తప్పించిరి గాని ఉప్పు ధరనుండి తప్పింపలేదు. కొండపై ఉప్పు పండదు. సంతకు దిగి కొనవలసినదే. కోర్టు కొండ యెక్కలేదు, పన్ను మాత్రము ఎక్కెను.

క్రింద, నౌపడ వంటి తావులలో, కాపలా మరింత బిగిసెను. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టము ప్రకారము అనుమతిలేక ఉప్పు చేయుటయే గాక, పర్రనేలలో తనంతట పేరుకొనిన ఉప్పును గీచుకొనుటయు నేరమే. సముద్రపుటొడ్డున కాపురముండు ఇల్లాలు తన వాకిటిముందటి నేలనుండి పిడికెడు ఉప్పు తీసికొని దొంగయగుట ఎట్టి న్యాయమో మాకు తెలియదు. పన్ను 1888లో మణుగునకు రెండున్నర రూపాయలు. 1907 నాటికి ఒక రూపాయి. 1923లో దానిని మరల రెండున్నర చేయబూనిరి. కేంద్ర శాసనసభ వలదనెను. రాజప్రతినిధి రీడింగు తన ప్రత్యేకాధికారముచే దానిని ధ్రువీకరించి విధించెను. బాన్ అధికారముల మాట విన్ననాడు మాకు మొదట స్ఫురించినది ఈ ధ్రువీకరణమే. భేద మొకటి కలదు. రీడింగు పనిచేసినది తన దొరతనపు రాబడికి. బోస్నియాలోని ప్రతినిధి పనిచేయునది శాంతికొరకని చెప్పబడును. ఉద్దేశమున భేదము గొప్పదే. కాని కాదన్నవాని మాటకు రెండుచోట్లను దక్కిన విలువ యొక్కటే.

1930 ఏప్రిలులో దండి యొడ్డున గాంధీమహాత్ముడు ఉప్పు చేపట్టిన పిమ్మట ఉత్తర సర్కారుల తీరమంతయు కదలినది. నౌపడయు ఆ యుద్యమమున చేరినది. 1931 మార్చి ఒడంబడికచే ఉప్పు పండు తావుల పల్లెలవారు ఇంటి వాడుకకును, తమలో తాము అమ్ముకొనుటకును ఉప్పు తీసికొనవచ్చునని ఒప్పుకొనిరి. పన్ను 1947 ఏప్రిలు 1న రద్దయ్యెను. స్వరాజ్యమునకు నాలుగున్నర నెలల ముందు!

నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్నరైలు 1931 నాటికి గుణుపురము చేరెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడగా ఆ దారికి నడుమ సరిహద్దు పడెను. టెక్కలి, నౌపడ ఇటు నిలిచెను, పర్లాకిమిడి అటు పోయెను. ఆ గీతను గీచినదియు ఢిల్లీ, లండనుల నుండి నియమింపబడిన సంఘములే. ఇప్పుడది పెద్దరైలుదారి యైనది. వేసవిలో ఆ దారిన పోవువారికి సముద్రమువైపు ఉప్పుకుప్పలు నేటికిని తెల్లగా కానవచ్చుచున్నవి.